ఏథెన్స్ గుర్రం.. అమరావతి ఏనుగు

*పార్థినాన్ శిల్పాలను తిరిగివ్వాలని గ్రీసు నాలుగు దశాబ్దాలుగా లండన్‌ను అడుగుతోంది. అవి ఉన్న బ్రిటిష్ మ్యూజియంలోనే, అదే కప్పు కింద మన కృష్ణా తీరం రాళ్లు కూడా ఉన్నాయి. వాటి గురించి అడిగేవాళ్లేరి? బళ్లారి జిల్లా బండ్రి నుంచి ముఖచిత్ర కథనం.*

హంపీలో హజార రామాలయం ప్రహరీ గోడను పొద్దున్నే చూడాలి. ఎండ ఏటవాలుగా పడే ఆ కాసేపు గోడ మొత్తం కదులుతున్నట్టే ఉంటుంది. వరుస మీద వరుసగా ఏనుగులు, గుర్రాలు, కత్తులు పట్టిన సైనికులు, నాట్యమాడే ఆడవాళ్లు. ఒక గుర్రం ముందరి కాలు ఎత్తింది. దాని పక్కన కళ్లెం పట్టుకున్నవాడు వెనక్కి తిరిగి ఎవరినో కేకేస్తున్నాడు. సండూరు తాలూకా ఊళ్లకు హంపీ ఒక్కపూట ప్రయాణం. బండ్రి అయినా మరో ఊరైనా బడిపిల్లల విహారయాత్ర అంటే ముందు గుర్తొచ్చేది హంపీయే. పిల్లలు ఆ గోడ పొడవునా గుర్రాలను లెక్కపెట్టుకుంటూ నడుస్తారు. ఎక్కడో లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటికొస్తారు.

ఇలాంటి గోడే ఇంకొకటి ఉంది. హంపీ గోడ కంటే పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా పాతది. ఏథెన్స్ నగరంలో అక్రోపోలిస్ అనే గుట్ట మీద, పార్థినాన్ అనే అథీనా దేవి గుడికి పైన చుట్టూ పట్టీలా చెక్కిన ఊరేగింపు అది. పొడవు 160 మీటర్లు, ఎత్తు ఒక మీటరు. అందులో 378 మంది మనుషులు, దేవతలు ఉన్నారు. రెండు వందలకు పైగా జంతువులున్నాయి, వాటిలో ఎక్కువ గుర్రాలే. నాలుగేళ్లకోసారి జరిగే అథీనా ఉత్సవంలో దేవికి కొత్త వస్త్రం సమర్పించడానికి ఊరు ఊరంతా కదిలివెళ్లే దృశ్యమని ఎక్కువమంది పండితులు చెబుతారు.

ఆ ఊరేగింపు ఇప్పుడు రెండు దేశాల్లో ఉంది. మిగిలిన శిల్పాల్లో దాదాపు సగం ఏథెన్స్‌లో, సగం లండన్‌లో. 2023 నవంబరులో గ్రీసు ప్రధాని మిత్సొటాకిస్ లండన్ వెళ్లి, ఇది మోనాలిసా బొమ్మను రెండు ముక్కలు చేసి రెండు చోట్ల పెట్టడం లాంటిదని టీవీలో అన్నారు. బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఆయనతో భేటీనే రద్దు చేసుకున్నారు. రెండు దేశాల మధ్య దౌత్యమర్యాద చెడేంత గొడవ జరిగింది రాళ్ల కోసం. ఆ తర్వాత కూడా మ్యూజియం పెద్దలకూ గ్రీసుకూ మధ్య మాటలు నడుస్తూనే వచ్చాయి. ఈ వార్త చదివిన ప్రతిసారీ తెలుగువాళ్లుగా మనకు ఒక సంగతి గుర్తు రావాలి. బ్రిటిష్ మ్యూజియంలో పార్థినాన్ శిల్పాల గది 18. అమరావతి శిల్పాల గది 33ఏ. ఒక గదిలోంచి ఇంకో గదికి నడిచి వెళ్లొచ్చు.

రాయి నడుం వంచిన కాలం

గ్రీకు శిల్పం మొదట ఇలా లేదు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో వాళ్లు చెక్కిన యువకుల విగ్రహాలు ఈజిప్టు బొమ్మల్లా బిగుసుకుని ఉండేవి. చేతులు రెండూ ఒంటికి అంటుకుని, ఎడమ కాలు ముందుకు వేసి, చూపు నేరుగా పెట్టి నిలబడేవి. నడుస్తున్నట్టు కాలు ముందుకేసినా బరువు రెండు కాళ్ల మీదా సమానంగానే ఉండేది. మనిషి అలా నడవడు.

క్రీ.పూ. 480లో పర్షియా సైన్యం ఏథెన్స్‌ను తగలబెట్టింది. అక్రోపోలిస్ మీది గుళ్లు కూలిపోయాయి. విరిగిన విగ్రహాలను ఏథెన్స్ జనం ఆ గుట్ట మీదే పాతిపెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో తవ్వితే బయటపడిన వాటిలో ఒక కుర్రవాడి పాలరాతి విగ్రహం ఉంది. దాన్ని ఇప్పుడు క్రిటియోస్ కుర్రాడు అంటున్నారు. మనిషి ఎత్తు కూడా ఉండదు. వాడు బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడ్డాడు. అందువల్ల ఆ వైపు తుంటి కాస్త పైకి లేచింది, రెండో మోకాలు సడలింది, తల కొంచెం పక్కకు తిరిగింది. బస్టాండులో గంటసేపు నిలబడ్డవాళ్లు ఎవరైనా అలాగే నిలబడతారు. ఇంత చిన్న మార్పుతో రాయికి ప్రాణం వచ్చింది. ఆ తర్వాత ఒక్క తరంలోనే పార్థినాన్ లేచింది.

ఆర్గోస్ నగరానికి చెందిన పోలిక్లైటోస్ ఈ పద్ధతికి లెక్క కట్టాడు. వేలికి వేలు, వేళ్లకు అరచేయి, అరచేతికి ముంజేయి ఎంత నిష్పత్తిలో ఉండాలో ఒక గ్రంథం రాశాడు. దానికి ఉదాహరణగా ఈటె పట్టిన యువకుడి కంచు విగ్రహం పోతపోశాడు. మన శిల్పులకు తాళమానం ఉన్నట్టే వాళ్లకు అది. పుస్తకమూ పోయింది, కంచు విగ్రహమూ పోయింది. పాంపేయి నగరంలో దొరికిన రోమన్ల పాలరాతి నకలు మాత్రం నేపుల్స్ మ్యూజియంలో ఉంది. గ్రీకు కంచు విగ్రహాల్లో అత్యధికం తర్వాతి కాలాల్లో లోహం కోసం కరిగిపోయాయి. మనం పుస్తకాల్లో చూసే చాలా గ్రీకు శిల్పాలు నిజానికి రోమన్లు చేయించుకున్న నకళ్లు. అసలైన కంచు బొమ్మలు కొన్ని సముద్రమే దాచిపెట్టింది. 1972లో ఇటలీ దక్షిణ తీరాన రియాచె దగ్గర ఈతకెళ్లిన ఒకాయనకు నీటి అడుగున ఇద్దరు యోధులు దొరికారు.

వాళ్ల దేవుళ్లకూ ఆటగాళ్లకూ ఒంటి మీద బట్టలెందుకు లేవని మనవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. గ్రీకు మగపిల్లల చదువులో సగం వ్యాయామశాలలో జరిగేది, అక్కడ బట్టలు విడిచే సాధన చేసేవాళ్లు. ఒలింపియా పందేల్లో కూడా అంతే. గెలిచినవాడికి విగ్రహం పెట్టేవాళ్లు. దేవుడు మనిషి రూపంలోనే ఉంటాడని నమ్మినవాళ్లు కాబట్టి అందమైన ఒళ్లు వాళ్లకు దైవానికి దగ్గరి వస్తువు. ఈ గౌరవం మగవాళ్లకే. ఆడవాళ్ల విగ్రహాలు చాలాకాలం నిండుగా బట్టలతోనే ఉన్నాయి. క్రీ.పూ. 350 ప్రాంతంలో ప్రాక్సిటెలీస్ అఫ్రోడైటి దేవిని నగ్నంగా చెక్కడం పెద్ద సంచలనం. ప్రజాస్వామ్యం పుట్టిన ఊరని పేరున్న ఆ నగరంలో ఆడవాళ్లకు ఓటు లేదు, బానిసలకు ఏ హక్కూ లేదు. పార్థినాన్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

రోజుకూలి ఒక ద్రాక్మా

కళాచరిత్ర పుస్తకాలు శిల్పాచార్యుడు ఫీడియాస్ గురించి, నాయకుడు పెరిక్లీస్ గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. పని చేసినవాళ్ల సంగతి తక్కువ. అదృష్టవశాత్తు ఏథెన్స్ వాళ్లకు లెక్కలను రాతి మీద చెక్కించి నలుగురికీ కనబడేలా నిలబెట్టే అలవాటు ఉంది. పార్థినాన్ పక్కనే ఉన్న ఎరెక్థియోన్ గుడి లెక్కలు, క్రీ.పూ. 409 నుంచి రెండు మూడేళ్లవి, ముక్కలుగా మిగిలాయి. ఎవరు ఏ స్తంభానికి గాళ్లు చెక్కారు, ఎవరికి ఎంత ఇచ్చారు అన్నీ పేర్లతో సహా ఉన్నాయి.

వాటిలో నగర పౌరులున్నారు, బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లున్నారు, బానిసలున్నారు. ముగ్గురూ ఒకే స్తంభం దగ్గర పక్కపక్కన కూర్చుని చెక్కారు. ముగ్గురికీ రోజుకు ఒక ద్రాక్మా లెక్కనే కట్టారు. బానిస కూలి యజమానికే చేరి ఉంటుంది గానీ, లెక్కలో రేటు మాత్రం ఒకటే. గోడ మీద చెక్కిన ఒక్కో మనిషి బొమ్మకు శిల్పికి 60 ద్రాక్మాలు. అంటే రెండు నెలల కూలి ఖరీదు చేసే మనిషి.

పార్థినాన్‌కు రాయి ఏథెన్స్‌కు పదహారు కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండ నుంచి వచ్చింది. తవ్వినప్పుడు తెల్లగా ఉంటుంది. ఆ రాతిలో కొద్దిగా ఇనుము ఉంది. గాలికి, వానకు ఏళ్ల తరబడి నిలిస్తే ఆ ఇనుము తుప్పుపట్టి రాయికి తేనె రంగు వస్తుంది. సాయంత్రం ఎండలో పార్థినాన్ బంగారంలా మెరుస్తుందని యాత్రికులు చెప్పేది అందుకే. సండూరు కొండలను ఎర్రగా చేసిందీ, ఇక్కడి ఇళ్ల గోడల మీద, చెట్ల ఆకుల మీద ఎర్రదుమ్మై పేరుకునేదీ ఆ లోహమే.

డబ్బు ఎక్కడిది? పర్షియా మళ్లీ దండెత్తి వస్తే ఎదుర్కోవడానికని గ్రీకు నగరాలన్నీ కలిసి చందాలు వేసుకున్న ఉమ్మడి ఖజానా ఏథెన్స్ చేతిలో ఉండేది. ఆ సొమ్ముతో మన ఊరిని సింగారించుకుంటున్నామని పెరిక్లీస్ ప్రత్యర్థులు సభలో నిలదీసినట్టు తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 447లో పని మొదలైంది. 438 నాటికి గుడి లోపల పన్నెండు మీటర్ల ఎత్తున బంగారం, దంతం తొడిగిన అథీనా నిలబడింది. 432కి శిల్పాలన్నీ పూర్తయ్యాయి. పదిహేనేళ్లలో అంత పని జరిగింది.

> తెల్లరాయి కాదు, రంగుల గుడి
>
> గ్రీకు శిల్పం అనగానే తెల్లని పాలరాయి గుర్తొస్తుంది. అసలు రూపం అది కాదు. జుట్టు, పెదవులు, కనుపాపలు, బట్టల అంచులు అన్నీ రంగులు వేసినవే. ఊరేగింపు పట్టీలో గుర్రాల కళ్లేలు లోహంతో చేసి తగిలించేవాళ్లు. కళ్లేలు పోయాయి, వాటికోసం వేసిన చిల్లులు నేటికీ ఉన్నాయి. 2009లో పరారుణ కెమెరాతో పరీక్షిస్తే బ్రిటిష్ మ్యూజియంలోని పార్థినాన్ శిల్పాల మీద ఈజిప్టు నీలం అనే రంగు ఆనవాళ్లు దొరికాయి.
>
> 1937-38లో అదే మ్యూజియంలో ఈ శిల్పాలను తెల్లగా కనిపించేలా చేయాలని రాగి పనిముట్లతో గీకారు. తేనె రంగు పొర చాలాచోట్ల పోయింది. శిల్పాలను గ్రీసు కంటే తామే బాగా కాపాడామని వాదించేవాళ్లకు గ్రీసు గుర్తుచేసే ఘటన ఇది.

జొన్నగిరి బండ మీద గ్రీకు రాజులు

మనకూ గ్రీకులకూ పరిచయం ఎప్పటిది? బళ్లారి నుంచి గుంతకల్లు, గుత్తి దాటి పత్తికొండ దారి పడితే ఎర్రగుడి, జొన్నగిరి వస్తాయి. తొలకరి పడగానే ఆ చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం పిల్లాపాపలతో దిగుతారు. ఆ పక్కనే గుట్ట మీది బండలపై అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్న కొద్ది చోట్లలో ఇదొకటి. పదమూడో శాసనంలో కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం చెప్పాక అశోకుడు తన ధర్మం ఎక్కడెక్కడికి చేరిందో పేర్లు చదువుతాడు. అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మకుడు, అలికసుందరుడు. సిరియా, ఈజిప్టు, మాసిడోనియా లాంటి దేశాలను ఏలిన గ్రీకు రాజులు వీళ్లు. అదే జాబితాలో కొంచెం కిందికి ఆంధ్రుల పేరు ఉంది. ఇరవై రెండు శతాబ్దాలకు పైగా మన బండ మీద గ్రీకులూ ఆంధ్రులూ పక్కపక్కనే ఉన్నారు. వజ్రం కోసం మట్టి జల్లెడ పట్టేవాళ్లలో ఎంతమంది ఆ గుట్ట ఎక్కి చూస్తారో!

ఆ తర్వాత వచ్చినవి ఓడలు, నాణేలు. గ్రీకు భాషలో ఒక నావికుడు రాసిన వర్తక గ్రంథం పెరిప్లస్ మన తీరాన్ని మసాలియా అని పిలిచింది, అక్కడ సన్నని నూలుబట్టలు దొరుకుతాయంది. చిత్రదుర్గం పక్కన చంద్రవళ్లి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఈ బళ్లారి సీమ కూడా శాతవాహనుల నేలే. ఆదోని దగ్గరి మ్యాకదోని శాసనంలో ఈ ప్రాంతం పేరు శాతవాహనిహారం. అమరావతి స్తూపానికి రాతి వైభవం తెచ్చినవాళ్ల పేరే ఒకప్పుడు ఈ నేల పేరు.

నాగార్జునకొండలో ఈ పరిచయం రాతికెక్కింది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని అది. అక్కడ దొరికిన ఒక స్తంభం మీద గడ్డం పెంచుకున్న మనిషి ఉన్నాడు. నడుం పైన బట్ట లేదు. చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర, పక్కన మద్యం కూజా. గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయోనైసస్ ఛాయ అందులో ఉందని పండితులు గుర్తించారు. చుట్టూ మెట్లతో కట్టిన క్రీడాస్థలం కూడా అక్కడ బయటపడింది, ఇటువంటిది భారతదేశంలో అరుదు. సాగర్ జలాశయంలో మునగకుండా దాన్ని రాయి రాయి విప్పి అనుపు దగ్గర మళ్లీ పేర్చారు.

వీధిలో ఏనుగు

అంతమాత్రాన మన శిల్పం గ్రీకుల దగ్గర నేర్చుకున్నదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే రెండు జంతువులను దగ్గరగా చూడాలి.

మొదటిది పార్థినాన్ తూర్పు ముఖం మీది గుర్రం తల, ఇప్పుడు లండన్‌లో ఉంది. చంద్రుడిని గ్రీకులు సెలీనీ అనే దేవతగా కొలిచారు. తెల్లవారుతుండగా ఆమె రథం సముద్రంలోకి దిగిపోతోంది. రాత్రంతా రథం లాగిన గుర్రం అలసిపోయింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. కళ్లు ఉబ్బాయి. చెంప ఎముక మీద చర్మం బిగుసుకుని నరాలు తేలాయి. కింది దవడ, శిల్పం నిలిపిన గట్టు అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. శిల్పి ఒక్క జంతువు, ఒక్క క్షణం తీసుకున్నాడు. ఆ క్షణంలో ఒంట్లో ఏం జరుగుతుందో ఎముక దాకా చూశాడు.

రెండోది అమరావతి ఏనుగు నలగిరి, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారానికి చెక్కిన గుండ్రటి పతకం అది, రెండో శతాబ్దం నాటిది. బుద్ధుడిని చంపించడానికి మదమెక్కిన ఏనుగును రాజగృహం వీధిలోకి వదిలిన కథ. ఎడమవైపు ఏనుగు ద్వారం దాటి దూసుకొస్తోంది, ఒకడిని తొండంతో పట్టింది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒకావిడ భయంతో వెనక్కి వాలి పక్కనున్న మగమనిషిని పట్టుకుంది. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. అదే వీధిలో, అదే పతకంలో కుడివైపు ఆ ఏనుగే బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. రెండు క్షణాలకూ మధ్య గీత లేదు. వీధి ఒకటే, ఏనుగు ఒకటే, కాలం నడిచిపోయింది.

గ్రీకు శిల్పి ఆ గుర్రం ఒంట్లోకి చూశాడు. అమరావతి శిల్పి వీధినంతా చూశాడు. భయం అతనికి ఒక ముఖంలో కనబడలేదు, గుంపు గుంపంతా ఒక పక్కకు ఒరిగిపోవడంలో కనబడింది. ఈ పతకాన్ని చూశాక కూడా ఇది ఇంకొకరి పాఠానికి నకలని అనగలిగితే వాళ్లు సరిగా చూడలేదనే నా అభిప్రాయం. గ్రీకుల సరుకులు వచ్చాయి, కొన్ని బొమ్మల ఛాయలూ వచ్చాయి. చూపు మాత్రం ఇక్కడిదే.

ఇక ఖర్చు పెట్టినవాళ్లు. అమరావతి రాళ్ల మీద దాతల పేర్లున్నాయి. గృహస్థులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాల వర్తకులు, వాళ్ల అక్కచెల్లెళ్లు, కూతుళ్లు. తోలుపని చేసే విధికుడనే ఆయన తన తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. స్తూపం మీద ఆ పేరు రాజోద్యోగుల పేర్ల మధ్యే ఉంది. ఏథెన్స్ గుడిని సామ్రాజ్యపు కప్పం సొమ్ముతో కట్టారు. కృష్ణ ఒడ్డున స్తూపానికి మాత్రం చెప్పులు కుట్టే ఇంటి సొమ్ము కూడా చేరింది. నాకు రెండూ గొప్పవే. అయినా మనసు విధికుడి వైపే మొగ్గుతుంది.

1816: లండన్‌లో కొనుగోలు, అమరావతిలో కొలతలు

పార్థినాన్ 1687 దాకా దాదాపు నిలబడే ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో తురుష్కులు లోపల మందుగుండు దాచిపెట్టగా వెనిస్ సైన్యం ఫిరంగి గుండు వేసింది. గుడి మధ్యలో పేలిపోయింది. 1801 నుంచి బ్రిటన్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు మిగిలిన శిల్పాల్లో చాలావాటిని రంపాలతో కోసి దింపారు. ఏథెన్స్ అప్పుడు తురుష్క సామ్రాజ్యంలో ఉంది, గ్రీకులను అడిగినవాళ్లు లేరు. మెంటర్ అనే ఓడ 1802లో శిల్పాలతో సహా మునిగితే గజఈతగాళ్లతో పైకి తీయించారు. కవి బైరన్ ఎల్గిన్‌ను దొంగ కింద లెక్కకట్టి కవిత్వమే రాశాడు. తనకు డెబ్బై వేల పౌండ్లకు పైగా ఖర్చయిందని ఎల్గిన్ మొరపెట్టుకున్నాడు. 1816లో పార్లమెంటు 35 వేల పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించింది.

అదే 1816లో కృష్ణ ఒడ్డున కల్నల్ కోలిన్ మెకంజీ బృందం అమరావతి రాళ్లను కొలిచి బొమ్మలు గీస్తోంది. మెకంజీ ఈ సీమకు కొత్తవాడు కాదు. హంపీ శిథిలాలకు మొదటి పటం తయారుచేయించినవాడు. బళ్లారి, అనంతపురం, కడపల దత్తమండలాన్ని సర్వే చేయించినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్లలాంటి తెలుగు పండితులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించకపోతే ఆయనకు పేరే లేదు. అమరావతిని ఆయన మొదట చూసింది 1798లో. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నాడు. దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుతున్నారు. అది స్తూపమని ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు ఉంది. మునుపు చూసిన రాళ్లు ఎన్నో లేవు. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయాయి. మెకంజీ గీయించిన బొమ్మలే వాటిలో కొన్నిటికి మిగిలిన ఆనవాలు. ఆ మేరకు ఆయనకు మనం రుణపడ్డాం.

1845లో గుంటూరు కమిషనరు వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసుకు తరలించాడు. అవి ఏళ్ల తరబడి అక్కడ ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 120కి పైగా రాళ్లను లండన్‌కు ఓడ ఎక్కించారు. పలనాటి సున్నపురాయికి ఆంగ్లేయులు ఎల్గిన్ మార్బుల్స్ తరహాలో ఇలియట్ మార్బుల్స్ అని పేరు పెట్టారు. పేరులో దక్కిన గౌరవం చోటులో దక్కలేదు. కంపెనీ పాలన అప్పుడే ముగిసింది, వాటిని ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. 1867 ప్రాంతంలో జేమ్స్ ఫెర్గుసన్ అనే కళాచరిత్రకారుడు వెతుక్కుంటూ వెళితే ఫైఫ్ హౌస్ భవనం గుర్రపుబళ్ల కొట్టంలో కనబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. చాలాకాలం మెట్లదారి గోడలకు ఉన్నాయి, తర్వాత దశాబ్దాలు జనం కంటికి దూరమయ్యాయి. 1992లో అద్దాల గది వచ్చింది.

అదే 1880లో అమరావతిలో ఇంకో నష్టం జరిగింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ఆదేశం మీద దిబ్బను మొత్తం ఒకేసారి తవ్విపారేశారు. ఏ రాయి ఎక్కడ ఉండేదో చెప్పే పొరలన్నీ పోయాయి. తర్వాత వచ్చిన పురావస్తు అధికారులు బర్జెస్, రే మిగిలిందాన్నే ఏరుకున్నారు.

> ఎల్గిన్లు మనకూ తెలిసినవాళ్లే
>
> పార్థినాన్ శిల్పాలు తీసుకెళ్లిన ఏడో ఎర్ల్ ఎల్గిన్ కొడుకు జేమ్స్ బ్రూస్ 1860లో చైనా చక్రవర్తి వేసవి మందిరాన్ని తగలబెట్టించాడు. 1862లో భారత వైస్రాయిగా వచ్చి, మరుసటి ఏడాది ధర్మశాలలో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది. ఏడో ఎర్ల్ మనవడైన తొమ్మిదో ఎర్ల్ 1894 నుంచి 1899 దాకా భారత వైస్రాయి.

ఎవరి కొలబద్ద?

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ పండితుడు వింకెల్మన్ గ్రీకు శిల్పమే అందానికి పరాకాష్ఠ అని నిర్ణయించాక యూరప్ ప్రపంచాన్నంతా ఆ కొలబద్దతో కొలిచింది. ఫెర్గుసన్ అమరావతిని మెచ్చుకున్నాడు, అయితే ఆ మేలితనంలో గ్రీకుల చేయి ఉందనుకున్నాడు. ఫ్రెంచి పండితుడు ఫూషే అసలు బుద్ధ విగ్రహమే గాంధారంలోని గ్రీకు సంప్రదాయం నుంచి పుట్టిందన్నాడు. ఆనంద కుమారస్వామి 1927లో దానికి ఎదురు నిలిచి, మథుర శిల్పులు మన యక్ష విగ్రహాల దారిలోనే బుద్ధుడిని మలిచారని వాదించాడు. బొంబాయి జె.జె. కళాశాలలో మన కుర్రాళ్లు గ్రీకు విగ్రహాల ప్లాస్టర్ నకళ్లను చూసి బొమ్మలు నేర్చుకున్నారు. రాజమండ్రి నుంచి అక్కడికి వెళ్లిన దామెర్ల రామారావు ఆ చదువు ముగించి వచ్చి తెలుగు మనుషులను, తెలుగు ఊళ్లను గీశాడు. నేర్చుకోవడం అంటే అది.

గ్రీకు వారసత్వం ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే మనకు ఏథెన్స్ అక్కర్లేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా విగ్రహం ముందు ఎప్పుడూ జనమే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినదాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. రాతిలో పల్చటి బట్ట, దాని వెనక ముఖం. ఒంటికి అతుక్కున్న తడిబట్టలా రాయిని చెక్కే ఆ విద్య పార్థినాన్ దేవతల నుంచి వచ్చిందే. సెలవుల్లో మ్యూజియానికి వచ్చే కుటుంబాలు ఆ ముసుగును చూసి ఇది రాయేనా అని అడుగుతాయి.

అడగడం తెలిసినవాళ్లు

1982లో మెక్సికోలో యునెస్కో సదస్సు జరిగింది. గ్రీసు సాంస్కృతిక మంత్రి మెలీనా మెర్కూరీ లేచి శిల్పాలు మావి, మాకివ్వండి అన్నారు. ఆమె అంతకుముందు పేరున్న సినిమా నటి. మరుసటి ఏడాది గ్రీసు అధికారికంగా కోరింది. బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చినదాన్ని వదులుకోకూడదని 1963 నాటి చట్టం ఉంది, అదే ఇప్పటికీ అడ్డం. గ్రీసుకు పెట్టుకోవడానికి చోటు కూడా లేదని ఎవరో అంటే 2009లో అక్రోపోలిస్ పాదం దగ్గర కొత్త మ్యూజియం కట్టి చూపించింది. పై అంతస్తు కొలతలు పార్థినాన్‌వే, అద్దాల్లోంచి గుడి కనబడుతుంది. ఊరేగింపు మొత్తాన్ని వరుసలో పెట్టారు. తమ దగ్గరున్నవి తేనె రంగు రాళ్లు, లండన్‌లో ఉన్నవాటి చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్లు. ఏది ఎక్కడుందో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఒక ముక్క తిరిగిచ్చింది. 2022లో పలెర్మో మ్యూజియం దేవత పాదం ముక్కను పంపింది, 2023లో వాటికన్ మూడు ముక్కలు ఇచ్చింది.

మనకు ఇలాంటి అనుభవమే లేదనడానికి వీల్లేదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగలెత్తుకుపోయిన మూడో శతాబ్దపు శిల్పఫలకం ఒకటి చేతులు మారి 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాలకు అమ్ముడుపోయింది. పాత ఫొటోలతో పోల్చి అది మనదేనని తేలాక 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చేశారు. ఫొటో ఉంది కాబట్టి వచ్చింది. రికార్డు లేని రాయిని ఏ దేశం ముందు నిలబడి అడుగుతాం?

లండన్ రాళ్లు రేపే తిరిగొస్తాయని ఆశపెట్టుకోను. వాటిని అడగడం తప్పనీ అనుకోను, అడగాలి. దానికంటే ముందు మన చేతిలో ఉన్న పనులున్నాయి. లండన్‌లోని 120కి పైగా రాళ్లకూ, చెన్నైలో, పారిస్‌లో, కోల్‌కతాలో ఉన్నవాటికీ కలిపి ఫొటోలు, శాసనపాఠాలు, దాతల పేర్లతో తెలుగులో ఒక జాబితా రావాలి. అమరావతి మ్యూజియంలో ప్రాకారాన్ని అసలు కొలతలతో నిలబెట్టి, లేని రాయి ఉన్న చోట నకలు పెట్టి, అసలుది ఏ ఊళ్లో ఏ గదిలో ఉందో కింద రాయాలి. నకళ్లు చెక్కే చేతులకు కొదవ లేదు. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు ఆగదు. పలనాటిలో దుర్గి శిల్పులు అమరావతికి వాడిన సీమ రాతితోనే నేటికీ బుద్ధుడిని చెక్కుతున్నారు. వాళ్లకు పని చెబితే చాలు, ఆ రాళ్లు మొదట చెక్కిన సీమలోనే వాటి నకళ్లూ తయారవుతాయి.